ఇసోబే గారి రెండు ముక్కల కీబోర్డు

టోక్యోలోని కురామేలో మేమంతా ఒకేచోట చేరి ఎవరి పని వాళ్ళం చేసుకునే గది ఒకప్పుడు బొమ్మల టోకు వ్యాపారి గోడౌను. ఉన్నది ఒకటే పొడవాటి బల్ల. ఈ వసంతం మొదట్లో గోడ మీద ఒక కాగితం వెలిసింది: "కీబోర్డు చప్పుడు విషయంలో అందరం ఒకరి గురించి ఒకరం ఆలోచిద్దాం." ఇక్కడ ఎవరినీ మొహం మీద అనరు, గోడకి చెబుతారు. అది ఎవరి కోసమో అందరికీ తెలుసు. కిటికీ పక్కన కూర్చుని, వాక్యం పూర్తయినప్పుడల్లా ఎంటర్ కీని బల్లలోకి దిగ్గొట్టే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన కాగితం చదివి, తలూపి, వెళ్ళి మళ్ళీ ఒక్కటిచ్చాడు. దాన్ని మనసులో పెట్టుకున్నది మాత్రం ఇసోబే తోకియే గారు.

ఆవిడకి అరవై దాటాయి. ఓడల కంపెనీలో టైపిస్టుగా మొదలైన మనిషి. ఇప్పుడు ఎదుటివాళ్ళ మాటల్ని అక్కడికక్కడే టైపు చేసి, వినపడనివాళ్ళకి తెర మీద చూపిస్తారు. మా బల్ల దగ్గరికి వచ్చేది నగుమో సావా కోసం. సావా తోలు సంచులు కుడుతుంది. చక్కగా మాట్లాడుతుంది గానీ చిన్నప్పటినుంచీ వినపడదు. సంచులు కొనేవాళ్ళు వచ్చినప్పుడు పక్కన ఇసోబే గారు లేకపోతే ఆమె వ్యాపారం నడవదు.

అసలే ఇసోబే గారి మణికట్టు వాచింది. పాత కీబోర్డు మానమని డాక్టరు చెప్పాడు. దానికి తోడు ఈ కాగితం. చప్పుడు చెయ్యనిది, చేతికి సుఖంగా ఉండేది, రోజూ రైల్లో మోసుకురాగలిగేది దొరక్కపోతే పని మానేస్తానని నాతో మామూలుగా అనేశారు. నాకు ఒళ్ళు మండింది. అది మీ కోసం పెట్టింది కాదని ఎంత మొత్తుకున్నా వినరే.

"కాకపోవచ్చు. కానీ నా చప్పుడూ చప్పుడేగా," అన్నారు.

సరేనని, ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలుండే అకిహబరాకి నేనే తీసుకెళ్ళాను. దుకాణంలో చిన్నవి చేతుల్ని ఇరికించాయి, వెడల్పువి బరువెక్కువ. చివరికి దుకాణదారు మధ్యకి రెండు ముక్కలై, ఒక తీగతో కలిసి ఉన్నదాన్ని తీశాడు. ఒక్కో ముక్క చిన్న భోజనం డబ్బా అంత. ఇసోబే గారు వాటిని భుజాలంత ఎడంగా పెట్టి, కళ్ళు మూసుకుని, దుకాణం మైకులో వస్తున్న ప్రకటనని మొదటినుంచీ చివరిదాకా టైపు చేశారు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు వేళ్ళు కదిలాయి. ఒక్క తప్పు లేదు, ఒక్క టిక్కు వినపడలేదు. దుకాణదారు తెర వైపు, ఆవిడ చేతుల వైపు మార్చి మార్చి చూశాడు. జపాను వచ్చి ఇరవయ్యేళ్ళయినా ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

కొత్త కీబోర్డుతో మణికట్టు వాపు తగ్గింది. అంతా బాగుందనుకుంటుండగా టోపీల వ్యాపారి ఒకాయన సంచుల కోసం వచ్చాడు. తోలు ముక్కని చేతిలోకి తీసుకుని, చాలాసేపు నసిగి, "రంగు బాగుంది," అన్నాడు. తెర మీద పడింది "రంగు బాగుంది" అని మాత్రమే. తెర మీదే కళ్ళు పెట్టుకున్న సావా అది చదివి తోలు కోసేసింది. మర్నాడు ఆయన ఫోన్ చేసి, వేరే రంగు ఉందా అని మొహమాటంగా అడిగాడు.

ఖరీదైన తోలు పాడైంది. అయినా సావా ఇసోబే గారిని ఏమీ అనలేదు. అరచెయ్యి బల్ల మీద పరిచి చూపించింది.

"ఇదివరకు నాకు తెలిసేదండీ. వాళ్ళు నసిగితే మీ వేళ్ళు ఆగేవి. కోపంగా మాట్లాడితే గట్టిగా పడేవి. బల్ల అదిరేది. మాటలు తెర మీద చదువుకునేదాన్ని, మనిషిని మాత్రం ఇక్కణ్ణుంచి వినేదాన్ని."

మాకు ఉత్త చప్పుడుగా వినపడే ఆ టకటకని ఈ పిల్ల అరచేత్తో వింటూ ఉందన్నమాట.

ఇసోబే గారు లేచి, అలమరలోంచి పాత కీబోర్డు తెచ్చి పెట్టారు. సావా దాన్ని వెనక్కి తోసింది.

"ఒక చెయ్యి వాచినా రెండోది ఉందిగా," అని తెర మీద టైపు చేశారావిడ.

"ఒంటి చేత్తో మీరు కొడితే, వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి భోంచేసి వచ్చినా వాక్యం పూర్తవదు. మీ చేతులు పోతే నాకు చదవడానికీ ఉండదు, వినడానికీ ఉండదు."

తర్వాత సావా ఆ రెండు ముక్కల్లో ఎడమదాన్ని మెల్లగా తన వైపు లాక్కుంది. ఇసోబే గారి ఎడమ చెయ్యీ దానితో పాటే జరిగింది. సావా దాని అంచు మీద రెండు వేళ్ళు ఆనించి, ఏదైనా టైపు చెయ్యమంది. గదిలో మాకేమీ వినపడలేదు. సావా కళ్ళు మూసుకుని, "ఇంకోసారి," అంది.

టోపీల వ్యాపారి మళ్ళీ వచ్చినప్పుడు నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన కొత్త తోలు ముక్కని వెలుతురులోకి తిప్పుతూ, "ఊఁ... ఆఁ..." అంటున్నాడు. తెర ఇంకా ఖాళీగానే ఉంది. ఇసోబే గారి వేళ్ళు ఆగి ఉన్నాయి, సావా వేళ్ళు ఎడమ ముక్క అంచు మీద ఉన్నాయి.

"నచ్చకపోతే చెప్పండి, ఇంకా కొయ్యలేదుగా," అంది సావా.

ఆయన బిత్తరపోయాడు. కొంచెం ముదురు రంగైతే బాగుండునని ఒప్పుకున్నాడు. తర్వాత ఇసోబే గారి వైపు వంగి, ఈ అమ్మాయికి నిజంగానే వినపడదా అని గొంతు తగ్గించి అడిగాడు.

వినపడినదంతా టైపు చెయ్యడమే ఆవిడ పని. ఆ గుసగుసని కూడా ఒక్క ముక్క వదలకుండా తెర మీద పెట్టారు. సావా చదివి, గది దద్దరిల్లేలా నవ్వింది.

"నిజంగానే వినపడదండీ," అంది. వేళ్ళు మాత్రం ఆ అంచు మీంచి తియ్యలేదు.