గూడూరు కోసం ఆపిన సీటు

పోయిన నెల కళ్ల డాక్టరుకి చూపించుకుందామని దొరవారిసత్రంలో పొద్దుటి బండెక్కి నెల్లూరు బయల్దేరాను. హాయిగా బస్సులో పోరాదా, ఈ వయసులో ఆ రైలు మెట్లెక్కి దిగడం ఏమిటని మా మరదలు సణిగింది గాని, నాకు రైలంటేనే ఇష్టం, అందులోనూ కిటికీ పక్కన చోటు దొరికిందంటే కళ్లు కనపడినా కనపడకపోయినా బయటికే చూస్తూ కూర్చుంటాను. నాయుడుపేట దాటింది, గూడూరు వచ్చింది, జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. నేను చెప్పకుండానే నా చెయ్యి ఒళ్లోని సంచీ తీసి పక్క సీట్లో పెట్టింది. భుజాన పుస్తకాల బ్యాగు వేసుకున్న ఆడపిల్ల ఒకతి వచ్చి, "ఇక్కడెవరన్నా వస్తారా అవ్వా?" అని అడిగింది. వస్తారమ్మా అన్నాను. అబద్ధమాడుతున్నానని ఆ నిమిషాన అనిపించలేదు.

వచ్చేదెవరో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. మీరూ నా ఈడువాళ్లే అయితే బొగ్గింజను బండ్లు ఎక్కే ఉంటారు, కళ్లలో నుసి పడి నులుముకునే ఉంటారు, కాబట్టి మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నెల్లూరులో ఆడపిల్లల కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో మేం నలుగురం ఒకే పాసింజరులో పోయి వచ్చేవాళ్లం. నేను దొరవారిసత్రంలో ఎక్కేదాన్ని, ఆ తర్వాత నాయుడుపేటలో ఒకతి, గూడూరులో ఒకతి, వెంకటాచలంలో ఒకతి. మాకు అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఉండేవి గాని, కాలేజీలో చేరిన కొత్తల్లోనే అవి ఎటో కొట్టుకుపోయి స్టేషన్ల పేర్లే మిగిలాయి. నన్ను సత్రం అనేవాళ్లు. ఎవరి క్యారేజీ ఖాళీ అయినా వచ్చి నా క్యారేజీ మీద పడేవాళ్లు గనక, ఆ పేరు నాకు తగిందేలే అని ఊరుకునేదాన్ని.

మా బండిలో మాకొక కట్టుబాటు ఉండేది. నేను ఎక్కగానే పక్కన రుమాలు పరిచి నాయుడుపేటకి సీటు ఆపాలి, నాయుడుపేట ఎక్కి గూడూరుకి ఆపాలి, గూడూరు ఎక్కి వెంకటాచలానికి ఆపాలి. ఎంత పెద్దమనిషి వచ్చి కసిరినా ఆ రుమాలు తీసే ప్రసక్తే లేదు. వెనక స్టేషనులో ఎక్కినదానికి ముందు స్టేషనులో ఎక్కేదాని పూచీ, అంతే.

వీళ్లలో మా ప్రాణాలు తోడేసింది గూడూరు. దాని అసలు ఊరు చిల్లకూరు. వాళ్ల అన్న సైకిలు వెనక కూర్చుని గూడూరు స్టేషనుకి వచ్చేది, వేళకి వచ్చిన పాపాన పోలేదు. ఒకనాడు గేదె పాలివ్వలేదంటుంది, ఒకనాడు సైకిలు చైను ఊడిందంటుంది, ఒకనాడు ఏ కారణమూ లేకుండా ఒట్టినే ఆలస్యంగా వస్తుంది. గూడూరులో ఇంజను నీళ్లు పట్టుకునేది కాబట్టి బండి కాసేపు నిలిచేది గనక సరిపోయింది, లేకపోతే దానికి డిగ్రీ ఎక్కడిది! చెప్పులు చేత్తో పట్టుకుని, జడ ఊడిపోయి, "నన్నొదిలేసి పోబాకండే!" అని ప్లాట్‌ఫారం అదిరిపోయేలా అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చేది. మేమేదో బండి తోలుతున్నట్టు. గార్డుగారు కూడా ఆ కేక విని నవ్వుకుని పచ్చజెండా కాస్త నిదానంగా ఊపేవాడు. గూడూరు ఇంటివాళ్లు క్రైస్తవులు. పరీక్షల రోజుల్లో మా ముగ్గురి చేతులూ పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ప్రార్థన పొడుగయ్యేకొద్దీ వెంకటాచలం కునికిపాట్లు పడేది, ఆమెన్ అనేసరికి ఉలిక్కిపడి అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది.

ఆఖరి సంవత్సరం పరీక్షలప్పుడు ఒకరోజు బండి కదిలింది, గూడూరు ఇంకా గేటు దగ్గరే ఉంది. మాలో నాయుడుపేటంత పిరికిది ఇంకొకతి లేదు, బల్లిని చూసినా బెంచీ ఎక్కేది. అటువంటిది లేచి నిలబడి రెండు చేతులతో చైను లాగేసింది. బండి కీచుమంటూ ఆగింది. టీసీ వచ్చి నానా చీవాట్లూ పెడుతుంటే అది గడగడా వణుకుతూనే, ఆ అమ్మాయి ఎక్కేదాకా కదలనియ్యమని మొండికేసింది. గూడూరు ఎక్కి, ఆయాసపడుతూ, రుమాలు మీదే కూర్చుని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, దానికి కళ్ల డాక్టరు అక్కర్లేదు.

ఆ తర్వాత పెళ్లిళ్లు, కాపురాలు, పురుళ్లు, వాళ్ల బతుకుల్లో వాళ్లు పడిపోయారు. నేను పెళ్లి మాట తలపెట్టకుండా పంతులమ్మ ఉద్యోగం చేసుకుంటూ తమ్ముడి పంచన మా ఊళ్లోనే ఉండిపోయాను. ఎప్పుడన్నా ఏ పెళ్లిలోనో కలిస్తే, లావయ్యావే అంటే లావయ్యావే అనుకోవడం, అంతే.

మళ్లీ మమ్మల్ని కలిపింది ఆ మాయదారి కరోనా. రైళ్లు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక మా స్టేషన్లో కూత వినపడని పొద్దు నేను చూడలేదు. ఆ నిశ్శబ్దానికి పొద్దున్నే మెలకువ వచ్చేది. వెంకటాచలం మనవరాలెవరో మా బ్యాచీ వాళ్లందరి నంబర్లూ పోగేసి ఫోనులో గ్రూపు పెట్టింది. మొదట్లో మురిసిపోయాం. పొద్దున లేస్తే పువ్వుల బొమ్మలు, ఆపైన మిరియాల కషాయాలు, ఆపైన ఇంకేముంది, పోయినవాళ్లకి దండం పెట్టే చేతుల బొమ్మలు. కాలేజీలో మొహమన్నా గుర్తులేని మనిషికి కూడా దండం బొమ్మ పెట్టి, మధ్యాహ్నం అన్నం సయించక కూర్చునేదాన్ని.

గూడూరుకి అది నచ్చలేదు. భర్త పోయాక అది చిల్లకూరులో అన్న దగ్గరికే వచ్చేసింది. ఒకనాడు ఫోను చేసి, "ఆ బొమ్మలు చూడబాకే, పిచ్చెక్కిపోద్ది. మన బండి మనం నడుపుకుందాం" అంది. ఏం బండే అంటే చెప్పింది. పొద్దున మన పాసింజరు వేళకి నేను నాయుడుపేటకి ఫోను చెయ్యాలి, నాయుడుపేట గూడూరుకి, గూడూరు వెంకటాచలానికి, వెంకటాచలం తిరిగి నాకు. నా ఫోను మోగిందంటే అందరం క్షేమంగా ఉన్నట్టు, బండి నెల్లూరు చేరినట్టు. చిన్నపిల్లల ఆటలా ఉంది గాని, ఆ సంవత్సరమంతా నన్ను మంచం మీంచి లేపింది ఆ ఆటే. గూడూరు నుంచి ఫోను ఎప్పుడూ ఆలస్యమేనని వెంకటాచలం రోజూ తిట్టేది, నిజంగా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎదురుచూస్తున్నట్టు.

రెండో ఎండాకాలం వచ్చింది. ఇంక పోయిందిలే అనుకున్నది ఊరి మీద పడి ఊడ్చేసింది. గూడూరుకి జ్వరం వచ్చింది, ఆయాసం వచ్చింది. సైకిలు మీద స్టేషనుకి తెచ్చిన ఆ అన్నే, ముసలాయన, ఆటోలో కూర్చోబెట్టుకుని నెల్లూరంతా తిప్పాడు. ఏ ఆసుపత్రిలోనూ మంచం లేదు. చివరికి ఒకచోట చేర్చుకున్నారు గాని ఆయన్ని గేటు దాటనియ్యలేదు. లోపలికి పోతూ పోతూ అది నాయుడుపేటకి ఫోను చేసి చెప్పిందట, మాట్లాడలేకపోయినా రింగు ఇస్తాను, నన్నొదిలేసి పోబాకండే అని. అన్న మాట ప్రకారమే రోజూ నాయుడుపేట రింగు ఇస్తే అది వెంకటాచలానికి రింగు ఇచ్చేది. మాట ఉండేది కాదు, రింగే. అదే మాకు పదివేలు.

ఆ రోజుల్లోనే నాకూ అంటుకుంది. మేడమీది గదిలో పడేశారు. మా మరదలు గుమ్మం ముందు జావ గిన్నె పెట్టి తలుపు తట్టి దిగిపోయేది. ఒళ్లు తెలియని జ్వరంలో కూడా పొద్దున పాసింజరు వేళకి నాయుడుపేటకి ఫోను చేసేదాన్ని. కాసేపటికి వెంకటాచలం నుంచి నాకు మోగేది. గూడూరు ఎట్లుందే అంటే, గొంతు జీరగా, "రింగిచ్చింది లేవే, నువ్వు పడుకో" అనేది. అది రింగు ఇచ్చిందంటే నేనూ లేస్తాను అనుకునేదాన్ని. మళ్లీ రైళ్లు నడిస్తే నలుగురం ఒక్కసారి ఆ దారిన పోయి రావాలని, పులిహోర నేనే చెయ్యాలని, పిచ్చి లెక్కలన్నీ వేసుకునేదాన్ని.

జ్వరం తగ్గి మెట్లు దిగిన రోజున సంతోషం పట్టలేక, వరస తప్పి, నేనే నేరుగా గూడూరుకి ఫోను చేశాను. మోగీ మోగగానే ఎత్తారు. వాళ్ల అన్న.

"చెల్లెలు లేదు కదమ్మా. నీకు చెప్పలేదా వాళ్లు?" అన్నాడు.

ఆయనే చెప్పుకుపోయాడు. అది పోయి చాలా రోజులైందట. మునిసిపాలిటీ వాళ్లే తీసుకుపోయారట, పాస్టరుగారు దూరంగా నిలబడి ఒక్క మాట చదివారట, పాట కూడా పాడలేదట. ఆఖర్న ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోలేను. "పొద్దున్నే మీరు చేస్తారు గదా అని ఆమె ఫోనుకి రోజూ చార్జింగు పెట్టి చేతిలోనే పట్టుకోనుండా. ఎవురూ చెయ్యలేదమ్మా."

మేం దాటిపోయాం. అది వద్దన్న పనే చేశాం. నేను మేడ మీద జ్వరంలో పడి ఉంటే, కబురు తెలిసిన నాయుడుపేట గూడూరుని వదిలేసి నేరుగా వెంకటాచలానికి చేసి, వెంకటాచలం చేత నాకు చేయించింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాయుడుపేటకి ఫోను చేసి నోటికి ఎంతొస్తే అంత అన్నాను. ఆనాడు చైను లాగినదానివి, ఇప్పుడెట్లా దాటిపోయావే అన్నాను. అది చాలాసేపు ఏడ్చి, "ఏం చేసేదే? అది ఎట్లాగూ ఎక్కదు. నీకు చెప్తే నువ్వు కూడా దిగిపోతావని బయపడినా" అంది.

ఆ తర్వాత ముగ్గురం కొన్నాళ్లు నడిపాం గాని అందులో సారం పోయింది. ఆలస్యం చేసేవాళ్లు లేరు, తిట్టడానికి ఎవరూ లేరు. వెంకటాచలానికి చెవులు పోయాయి, ఫోను మోగినా వినపడదు. నాయుడుపేటా నేనూ ఇప్పటికీ మాట్లాడుకుంటాం, మందులు వేసుకున్నావా అంటే వేసుకున్నావా అని, ఎక్కడ గూడూరు మాట వస్తుందోనని ఇద్దరం గబగబా పెట్టేస్తాం. కొన్నాళ్లు నేనొక్కదాన్నే పొద్దున పూట ఆ అన్నకి చేసేదాన్ని, ఉండానమ్మా అని పెట్టేసేవాడు. ఒకరోజు ఆ నంబరు వాడుకలో లేదని ఎవరో ఆడమనిషి గొంతు చెప్పింది. చిల్లకూరు పోయి కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు దారంతా మారిపోయింది. కిటికీలోంచి చూస్తే వరి మడులుండాల్సిన చోట రొయ్యల గుంటలు. ఇంజన్లకి నీళ్లు అక్కర్లేదు, గూడూరులో ఇట్టే ఆగి ఇట్టే కదిలిపోతాయి, ఎవరి పరుగూ ఎవరికీ పట్టదు. కష్టకాలం మనుషుల్ని దగ్గర చేసిందని పేపర్లలో రాస్తుంటారు. దగ్గర చేసిందేమో, నాకు మాత్రం ఎంత దగ్గరగా ఉన్నా లాగడానికి చైను దొరకదని తెలిసింది.

బండి కదిలింది. ఆ పిల్ల కడ్డీ పట్టుకుని ఊగుతూ నిలబడే ఉంది, నా వైపూ సంచీ వైపూ మర్యాదగానే చూస్తోంది. నేను కిటికీ ఊచలకి మొహం ఆనించి వెనక ప్లాట్‌ఫారం చివరిదాకా చూశాను. ఎవరూ పరుగెత్తుకు రావడం లేదు. సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, కూర్చోమ్మా, ఇంక రారులే అన్నాను.