వజ్రమ్మకు ఒప్పజెప్పిన ఇసుక దిబ్బ

మహదేవపూర్ అవతల గోదారి ఒడ్డు పల్లెల వజ్రమ్మ అంటే తెల్వనోళ్లు లేరు. ఇసుకల పుచ్చకాయ పండిస్తది. భూమంటరా, గుంటెడు లేదు. ఏటేటా గోదారి ఏ దిబ్బ బయటపెడితే అదే ఆమె చెలక.

ఊరి కాడ గోదారి ఒంపు తిరుగుతది. గాడ నీళ్లకు నడక మందమైతది. మోసుకొచ్చిన ఇసుకను ఇగ మొయ్యలేక, నెత్తి మీది గంప దించినట్టు దించుతయి. దించిన దాని మీదనే మళ్ల దించుకుంట పోతే, ఒక కొస ఒడ్డును పట్టుకొని ఇంకో కొస ఏటి నడిమిదాక సాగుతది. ఒడ్డును పట్టుకున్న కొసను ఊరోళ్లు మెడ అంటరు. పెద్ద నీళ్లొస్తే మెడ తెగి దిబ్బ లంకైతది. వజ్రమ్మ ఇదంత బళ్లె చదవలే, నలభై ఏండ్లు చూసుకుంట నేర్సుకున్నది.

దిబ్బ ఎవలిదనేదానికి ఊర్ల ఒక్కటే కట్టుబాటు. వరద తీసినంక ముందుగాల ఎవలు కట్టె పాతితే ఆ యేడు వాళ్లదే. రెండేండ్ల సంది మరిది సాంబయ్యనే ముందు పాతుతున్నడు. వజ్రమ్మ మిరప తోటలల్ల కూలికి పోయి చేతులు మంటలు పుట్టిచ్చుకున్నది. మూడో యేడు గూడ మిరప ఏరుడంటే తనతోని కాదనుకున్నది.

అది సకల జనుల సమ్మె నడిచిన యేడు. భూపాలపల్లి బాయిలల్ల బొగ్గు ఆగింది, బస్సులు బందు, బడులు బందు. పొద్దంత శిబిరం, మాపటికి ఊరేగింపు. ఊరంతకు తెలంగాణ ఒకటే పిచ్చి, వజ్రమ్మకు మాత్రం దిబ్బతోని రెండు. వరద తీసిన తెల్లారి కోడి కూయకముందే లేచి, గోడకు ఆనిచ్చిన కట్టె గుంజుకొని ఉరికింది. అబ్బబ్బ, ఎన్నడు లేనంత పొడుగు దిబ్బ! నడుమ నిలవడి కట్టె పాతింది. పొద్దు పొడిచినంక చూస్తే, అది నిన్నటి ఊరేగింపుల తను మోసిన కట్టె. కొసకు చుట్టిన జెండా ఇప్పుకొని, జై తెలంగాణ అనుకుంట పటపట కొట్టుకుంటున్నది. వజ్రమ్మ పడి పడి నవ్వింది. ఆ రోజులల్ల ఆ జెండా పీకే మొగోడు పుట్టలే మరి.

సాంబయ్య పీకలే, అంతకన్న తెలివి చేసిండు. జెండా అందరిది, జెండా కింది దిబ్బ గూడ అందరిదే, రేపటి వంటావార్పు గాడనే అని శిబిరంల చెప్పొచ్చిండు. అందరు చప్పట్లు కొట్టిన్రు. వజ్రమ్మకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.

తెల్లారి దిబ్బ మీద పొయ్యిలు, డప్పులు, దుమ్ము లేచేటట్టు ఆటలు. కడుపుల మండుతున్నా వజ్రమ్మ గూడ ఎగిరింది, డప్పు మోగితే ఆగే కాళ్లా అవి? ఎగురుకుంటనే మెడ దిక్కు చూసింది. అంచులు పెళ్లలు పెళ్లలు జారుతున్నయి. ఎగువల ఎక్కడనో వాన పడ్డది. మెడ తెగుతది, లేవుండ్రని మొత్తుకుంటే ఒక్కలు కదల్లే. ఆమె ఇగ నోరు మూసుకొని కోడికూర గంజు నెత్తిన పెట్టుకొని ఒడ్డు దిక్కు నడిచింది. కూర ఎటు పోతే జనం అటు! ఆఖరి మనిషి మోకాలి లోతుల దాటంగనే మెడ తెగింది.

వారం దినాలకు నీళ్లు జర తీస్తే, దిబ్బ జెండాతో సహా అవతలి ఒడ్డుకు అంటుకొని కనవడ్డది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. మన జెండా పక్క రాష్ట్రాన్ని గెలిచిందని జనం ఒకలమీద ఒకలు పడి నవ్విన్రు. సాంబయ్య అందరి ముంగట, "ఇగ గా దిబ్బ నీకే వదినె, తీస్కో" అన్నడు. వజ్రమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకొని ఆ మాట మూడుసార్లు అనిపిచ్చింది.

చలికాలం వచ్చి నీళ్లు సన్నగై, అవతలి ఒడ్డు కాడ దిబ్బను కోసి పాయ తీసుకున్నయి. తెగిన కాడ నడక మందమై, దోసెడు దోసెడు ఇసుక దించుకుంట మెడను మళ్ల అతికిచ్చినయి. వజ్రమ్మ మడిమలు తడవకుంట ఇత్తనాలు పట్టుకొని నడిచి పోయింది. సాంబయ్య ఉరుక్కుంట వచ్చి, మళ్ల అతుకుతదని ఎరికై గూడ ఎందుకు చెప్పలేదని గయ్యిమన్నడు.

"నలభై ఏండ్ల సంది గీ ఇసుకలనే ఉన్న. మనల ఎవలూ అడుగుతలేరని ఊరంత రోడ్డెక్కితిరి. మీరు నన్ను ఒక్కనాడన్న అడిగిన్రా?"

 వచ్చే యేడు దిబ్బ ఎటు తేల్తది వదినె అని సాంబయ్య చిన్నగ అడిగిండు. వజ్రమ్మకు గంతులెయ్యాలన్నంత సంబురమైంది. చెప్త గని ముందుగాల గుంటలు తవ్వమని పార ఆయన చేతిల పెట్టింది.