డైనోసార్ కాలు కదిపిన బావ

బస్సులో నా సీటును వెనక నుంచి ఎవరో పట్టుకుని ఊపారు. తిరిగి చూడకుండానే "బావా!" అన్నాను. కూర్చునే ముందు సీటును, ఎక్కే ముందు మెట్టును, తెరిచే ముందు తలుపును కదిపి చూసే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన మా పెద్దక్క భర్త.

"ఏమోయ్, నిన్ను చూసి ఆరేళ్లయింది. నీ సీటు వదులుగా ఉంది" అన్నాడు. కుశల ప్రశ్నలు అక్కడితో సరి.

నలభై ఏళ్లు బస్సు డిపోలో బోల్టులు బిగించి ఆయన రిటైరయ్యాడు, చేతులు మాత్రం కాలేదు. ఒకసారి నేను కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉంటే చూడటానికి వచ్చాడు. మొదట మంచం కదిపాడు, తర్వాత నా కాలి పిండికట్టు కదిపాడు. నేను కెవ్వుమంటే, "పరవాలేదు, గట్టిగానే ఉంది" అని నర్సుకు ధైర్యం చెప్పాడు. పన్ను నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్లి, పన్ను సంగతి మరిచిపోయి కుర్చీ బాగుచేసి వచ్చాడు. ఊళ్లు పట్టుకు తిరుగుతూ దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ని కనుక, మన కాళ్ల కింది నేల కూడా ఏటా కాస్త కాస్త జరుగుతుంటుందని నాకు తెలుసు. ఆ సంగతి ఆయన చెవిన వేయలేదు. వేస్తే స్పానరు పట్టుకుని బయల్దేరుతాడు.

స్టాండులో దిగాం. ఇద్దరం చెరో బస్సు మారాలి. వాటికింకా మూడు గంటలు. స్టాండుకు ఎదురుగానే మ్యూజియం. అందులో డైనోసార్ అస్థిపంజరం ఉందని ఎన్నాళ్లుగానో వింటున్నాను.

"చూసొద్దాం. కానీ చేతులు జేబుల్లోంచి తియ్యనని మాటివ్వు బావా."

"చచ్చినదాన్ని నేనేం చేస్తానోయ్?"

హాల్లో అడుగుపెట్టేసరికి మ్యూజియం అధికారి నేల తుడిచే ఆవిడ మీద ఎగురుతున్నాడు. "సీసా పగిలింది, ఊరుకున్నాను. అద్దం పగిలింది, ఊరుకున్నాను. ఇంకొక్కటి విరిగిందా, రేపట్నుంచి రానక్కర్లేదు!" ఆవిడ తలొంచుకుని, తుడిచిన చోటే తుడుస్తోంది. ఆయన విసవిసా గదిలోకి వెళ్లిపోయాడు.

ఇక డైనోసార్. తల పైకప్పు దగ్గర, తోక అవతలి కిటికీ దగ్గర. పక్కటెముకల కింద నిలబడితే, బోర్లించిన పడవ కింద ఉన్నట్టుంది. చుట్టూ ఎర్రతాడు, 'తాకరాదు' అని బోర్డు. ఇంత ప్రాణి పూటకెంత మేసేదో, నిద్రొస్తే ఎటు ఒరిగేదో అనుకుంటూ, గోడ మీది రాతలు చదువుతూ నన్ను నేను మరిచిపోయాను. బావను కూడా మరిచిపోయాను. అదే నేను చేసిన తప్పు.

గడగడమని చప్పుడు. చూద్దును కదా, మా బావ తాడు దాటి లోపలున్నాడు. రెండు చేతులతో డైనోసార్ వెనక కాలు పట్టుకుని, డిపోలో చక్రాన్ని కదిపినట్టు కదుపుతున్నాడు. టపీమని ఓ వేలి ఎముక నేల మీద పడింది.

గార్డు ఈల వేశాడు. అధికారి పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే ఆవిడ వైపు చెయ్యి చూపించి, "నువ్వేనా?" అన్నాడు. ఈయన చేతి దురదకు ఆవిడ పని పోతుందే!

"ఆవిడ కాదయ్యా, నేను" అన్నాడు బావ. "వదులుగా ఉంది."

"కోట్ల ఏళ్లుగా ఉన్న ఎముకండీ ఇది!"

"అన్నేళ్లూ ఎవరూ బిగించలేదు మరి."

జన్మలో మళ్లీ ఈ గడప తొక్కనని కాగితం రాయించుకున్నారు. ఫొటో తీసి, 'ఈయనను లోపలికి రానివ్వరాదు' అని గేటు దగ్గర అట్టకు అంటించారు. బావ ఆ అట్టను కూడా కదిపి చూశాడు.

బయట మెట్ల మీద అరగంట దులిపేశాను. "నీకు బుద్ధుందా? ఆ పిచ్చితల్లి పని పోయుంటే? అక్క ఎలా వేగుతోందో నీతో!" బావ అంతా విని, చొక్కా దులుపుకుని స్టాండు వైపు నడిచాడు.

అంతలో పక్క గేటులోంచి నేల తుడిచే ఆవిడ పరుగున వచ్చింది.

"అయ్యా, ఆ పెద్దాయన ఏరీ?"

"ఎందుకమ్మా, నువ్వు కూడా తిడతావా?"

"అయ్యో, తిట్టడమేంటి! ఆ ఎముక పొద్దున నా చీపురు తగిలే ఊడింది. కొంగులో దాచుకుని ఏడుస్తుంటే ఆయన చూశారు. 'ఇలా ఇవ్వమ్మా, నువ్వు దూరంగా వెళ్లి తుడుచుకో' అన్నారు. ఆ కాలు ఊపడం, ఎముక పడెయ్యడం అంతా నాటకమేనండీ."

"ఇంకేమన్నాడు?"

"దీన్ని బోల్టుతో బిగించారా, జిగురుతో అంటించారా అని అడిగారండీ."

"బావా!" అని కేకేశాను. అప్పటికే రోడ్డు దాటేశాడు. మళ్లీ "బావోయ్!" అని గొంతు చించుకున్నాను. వెనక్కి చూడలేదు, చెయ్యి ఊపలేదు, నడక మాత్రం పెంచాడు. బయల్దేరుతున్న బస్సొకటి ఎక్కేశాడు, అది ఆయన ఊరిదో కాదో నాకు తెలియదు. అరగంట తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుందామంటే, మనిషి ఆగితేగా!