సర్వపిండి తిన్నదెవరు?

నా వంటల ఛానల్ మీద వచ్చిన ఆదాయానికి పన్ను కట్టాల్సిన రోజులు. కిరాణా బిల్లులన్నీ సంచిలో వేసుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని కరీంనగర్‌లో ఆడిటర్ దగ్గరికి వెళ్లాను. ఆ సరుకులను వీడియోల ఖర్చుగా రాస్తే పన్ను తగ్గుతుంది. లేదంటే ఆ ఏడు కొత్త కెమెరా ఆశ వదులుకోవాల్సిందే.

ఆడిటర్ సర్వపిండి వీడియోకు కొన్న బియ్యప్పిండి, పల్లీల బిల్లులు తిరగేసి, "అక్కా, వీడియో అయినంక గా సర్వపిండి ఎవరు తిన్నరు?" అని అడిగాడు.

అబద్ధమాడటం నాకు చేతకాదు. నిజాన్ని కాస్త ముందు నుంచి మొదలుపెట్టడం మాత్రం వచ్చు.

"వండంగనే ముందుగాల ఆంజనేయస్వామికి నైవేద్యం పెడ్త సార్," అన్నాను భక్తిగా.

"స్వామికి పెట్టినంక?"

"ప్రసాదమాయె. వద్దనొద్దు గద!"

అతను నవ్వాపుకుంటూ పెన్ను ఎత్తాడు. "ఇంట్లోళ్లు తింటే అది ఇంటి ఖర్చే అక్కా. కొట్టేస్త."

పక్కనే కూర్చున్న అత్తమ్మ అందుకుంది. "ఏం తిన్నం బిడ్డా? నైవేద్యమాయె, ఫొటోలాయె, లైటు జరిపి మల్ల తీసుడాయె. మా నోట్లకొచ్చేసరికి సర్వపిండి అట్ట లెక్క అయితది. గది తినుడు గూడ డ్యూటీయే!"

పెన్ను ఆగింది. "సరే, సగం వీడియోల ఖర్చు కింద రాస్త. కని అమ్మా, డ్యూటీ అంటే జీతముండాలె గద?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. ఆ సగమైనా దక్కించినందుకు స్వామికి దండం పెట్టుకుంటూ నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను.

"కండ్లు తెరువు," అంది అత్తమ్మ. "నెలకెంతిస్తవో చెప్పు."