తడి వేలు

నారాయణగూడలో నేను పనిచేసిన కాగితాల దుకాణంలో నా పని లెక్కపెట్టడం. దస్తాకు ఇరవై నాలుగు ఠావులు, రీముకు ఇరవై దస్తాలు. మిల్లు నుంచి వచ్చే కట్టల్లో ఒకటో రెండో ఠావులు తగ్గడం మామూలే. తగ్గిన కట్టను పట్టుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. పదో తరగతితో చదువు ఆగినా లెక్కల మీద మమకారం ఆగలేదు. సాయంత్రాలు చిక్కడపల్లిలో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో కూర్చుని సగటులూ శాతాలూ, అంకెలు సగటుకు ఎంత దూరం చెదురుతాయో చెప్పే లెక్కా నా అంతట నేనే నేర్చుకున్నాను. తొంభైల మధ్యలో, నలభై దాటాక, ఆ లెక్క ఒక మనిషికి పనికొచ్చింది. అయితే ముందు దాన్ని నేనే పాడుచేశాను.

అశోక్‌నగర్ నుంచి ఒక మేడంగారు గ్రాఫు కాగితాల కోసం మా దుకాణానికి వచ్చేవారు. కోస్తా వైపు మనిషి. పైర్లకు పురుగుమందు కొట్టే పద్ధతుల మీద పరిశోధన చేసేవారు. ఒకరోజు ఆమె కౌంటరు మీద పెట్టిన పట్టికలో ఒక సగటు తప్పుగా కనబడింది. ఎదురు వైపు నుంచి తలకిందులుగా చదువుతూనే ఆ మాట చెప్పాను. ఆమె అక్కడే నిలబడి మళ్ళీ కూడి చూసుకున్నారు. మరుసటి వారం, సాయంత్రాలు వచ్చి తనకు లెక్కలు చేసిపెట్టగలనా అని అడిగారు.

అక్కడ లెక్కపెట్టాల్సినవి చుక్కలు. మేడంగారి దగ్గర బొటనవేలంత వెడల్పున్న పసుపు కాగితాలు ఉండేవి. నీటి తుంపర పడితే పడినచోట నీలం చుక్క లేస్తుంది. గాలిలో తేమకు కూడా రంగు మారతాయని వాటిని స్టీలు డబ్బాలో, వేయించిన బియ్యం మూటతో కలిపి దాచేవారు. మందు కొట్టే మనిషి బట్టల మీద ఎనిమిది చోట్ల ఆ కాగితాలు గుచ్చి, పంపులో మందుకు బదులు ఉత్త నీళ్ళు పోసి కొట్టిస్తే, ఏ పద్ధతిలో ఒంటి మీద ఎంత తుంపర పడుతుందో తెలుస్తుంది. నేను భూతద్దం కింద పెట్టి చుక్కలు ఎంచాలి. కాగితాలను పట్టకారుతో తప్ప ముట్టుకోవద్దని ఆమె మొదటిరోజే చెప్పారు.

పంపు మోసే మనిషి పక్కనే దొరికాడు. మేడంగారి ఇంటిని ఆనుకుని కడుతున్న భవనంలో ఇటుకలు మోసేవాడు. మహబూబ్‌నగర్ జిల్లా. ఏడాదిలో తొమ్మిది నెలలు నగరంలో కూలి, పత్తి కాలం వస్తే ఊరికి పోయి నలుగురి చేలలో మందు కొట్టేవాడు. అంతకుముందు ఏడాది చేనులోనే కళ్ళు తిరిగి పడిపోయాడట. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఈసారి వినాయక చవితి కాగానే వస్తానని రైతులకు మాట ఇచ్చాడు. భార్య మాత్రం పోనివ్వనంటోంది.

"ఎట్ల కొడితే ఒంటికి తాకదో చెప్పుండ్రి మేడం," అన్నాడు మొదటిరోజు, పంపు వీపుకు తగిలించుకుంటూ. "మా ఇంటామెకు నేను గదే చెప్పాలె. లేకుంటే ఇడవది."

ఆయన పోవడమో మానడమో ఆ చుక్కల మీద ఉందని నాకు అప్పుడే తెలుసు.

ఇంటి వెనక ఖాళీ జాగాలో కుండీల్లో పెంచిన పత్తి మొక్కలు వరసలుగా పెట్టి రెండు పద్ధతులు చేయించాం. ఒకటి అందరూ చేసేది: గొట్టం ముందుకు చాచి, అటూ ఇటూ ఊపుతూ, తడిసిన మొక్కల్లోకే నడవడం. రెండోది మేడంగారు చెప్పింది: గొట్టాన్ని గాలి పోయే వైపు పక్కకు పట్టుకుని, ఊపకుండా, ఇంకా తడవని వైపు నుంచి నడవడం. రెండోదానిలో ఒంటి మీద తుంపర బాగా తగ్గాలి.

నా లెక్కలో తగ్గలేదు. తొడల మీద కొంచెం తేడా, ఛాతీ మీద దాదాపు లేదు. మేడంగారు పట్టికను రెండుసార్లు చూశారు. అంకెలు ఇలా ఉంటే అతనికి ఈ పద్ధతి మంచిదని చెప్పలేనన్నారు. చవితి ఇంకా పదకొండు రోజులుంది.

ఆ ఆదివారం పొద్దున కాగితాలన్నీ ఆమె బల్ల మీద వరసగా పేర్చి చూశాను. ముందు కూడికలు చూశాను, సరిగ్గానే ఉన్నాయి. తర్వాత చుక్కలు ఎక్కడ పడ్డాయో చూశాను. చాలా కాగితాల్లో కుడివైపు కింది మూలన ఒకే రకం మరకలు. తుంపర చుక్క గుండ్రంగా ఉంటుంది. ఇవి కోలగా ఉన్నాయి. ఒకదాని మీద భూతద్దం పెడితే సన్నని వంపు గీతలు కనిపించాయి. అవి వేలిముద్ర గీతలు.

ఆ వేలు నాది. ఇరవై ఏళ్ళుగా నాలుకకు తాకించి ఠావులు తిప్పిన చూపుడువేలు. మొదటి మూడు రోజులు పట్టకారు వాడాను. తర్వాత, రెండో పద్ధతి కాగితాలు వచ్చేసరికి, పని నెమ్మదవుతుంటే తెలియకుండానే చెయ్యి పాత దారి పట్టింది. నా ఎంగిలిని నేనే భూతద్దం పెట్టి లెక్కించి, సగటు తీసి, పట్టికలో రాశాను.

చెప్పకుండా ఆ మూలలు వదిలేసి మళ్ళీ లెక్కించవచ్చన్న ఆలోచన వచ్చింది. కానీ తక్కువైన కట్టను పట్టుకోవడమే నా బతుకుతెరువు. మేడంగారు వరండాలో ఉన్నారు. నీళ్ళు నింపడానికి వచ్చిన పంపు మనిషి మెట్ల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఇద్దరి ముందే చెప్పేశాను.

ఆమె కోప్పడలేదు. "మీరు అదెలా చేశారో ఒకసారి చూపించండి," అన్నారు.

చూపించాను. వేలు నాలుకకు, నాలుక నుంచి కాగితానికి.

మెట్ల మీద ఆయన నవ్వాడు. "సదువుకున్న అన్నవు, నువ్వు గూడ గిట్లనే జేస్తవా? మేము నాజిల్ నోట్లె వెట్టుకున్నట్టే ఉన్నది."

మేడంగారు అటు తిరిగారు. నాజిల్ అంటే గొట్టం చివర తుంపర వచ్చే సన్న రంధ్రపు బిళ్ళ. దాన్ని నోట్లో ఎందుకు పెట్టుకుంటారని అడిగారు.

"జామ్ అయితది గద మేడం. చెత్త ఇరుకుతది. ఇప్పి నోట్లె వెట్టి ఊదితే సాఫ్ అయితది. అందరు గంతే."

"రోజుకు ఎన్నిసార్లు?"

ఎప్పుడూ ఎంచలేదన్నాడు. నేను అడుగుతూ పోయాను. పొద్దటి నుంచి ఎన్ని పంపులు నింపి కొడతావు, ఎన్ని పంపులకొకసారి ఇరుకుతుంది. పది పన్నెండు పంపులు. చెరువు నీళ్ళయితే పంపుకొకసారి, బావి నీళ్ళయితే కొంచెం నయం. గుణిస్తే రోజుకు పదిసార్లకు పైనే తేలింది. మంచినీళ్ళు అన్నిసార్లు తాగేవాడో లేదో.

మేడంగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఎనిమిది చోట్ల కాగితాలు గుచ్చాను. నోటి సంగతి అడగనే లేదు," అన్నారు. ఆ మాట ఆమె తనకు తాను చెప్పుకున్నట్టుగా ఉంది.

తర్వాతి వారం రోజులు తీరిక లేదు. డబ్బాలో మిగిలిన కొత్త కాగితాలతో రెండు పద్ధతులూ మళ్ళీ చేయించాం. ఈసారి పట్టకారును దారంతో నా మణికట్టుకు కట్టుకున్నాను. పక్కకు పట్టుకుని కొట్టినప్పుడు తొడల మీదా ఛాతీ మీదా చుక్కలు సగానికి చాలా కిందికి వచ్చాయి. మేడంగారు తన నివేదికలో మొదటి పట్టికను ఎందుకు వదిలేశారో రెండు వాక్యాల్లో రాశారు. లెక్కించిన మనిషి తడి వేలి వల్ల అని రాశారే తప్ప నా పేరు రాయలేదు. నన్ను మానేయమనీ అనలేదు. ఆమె దగ్గర ఇంకో నాలుగేళ్ళు లెక్కలు చేశాను. నాకు వచ్చిన లెక్కల్లో సగం ఆ బల్ల దగ్గర వచ్చినవే.

చవితి మర్నాడు ఆయన బస్సెక్కాడు. మేడంగారు రెండు నాజిళ్ళు, నీళ్ళు వడకట్టడానికి మెత్తని గుడ్డ, నాజిల్ తోముకోవడానికి ఒక టూత్‌బ్రష్ ఇచ్చారు. బ్రష్‌ను తాడుతో పంపుకే కట్టారు. ఆయన భార్య కూడా వచ్చింది. గొట్టం ఏ వైపు పట్టుకోవాలో ఆయన చేత నాలుగుసార్లు చెప్పించుకుని, తానే ఒకసారి చేసి చూపించి, అప్పుడు సంచీ అందించింది.

దీపావళి దాటిన చాలా రోజులకు ఆయన దుకాణానికి వచ్చాడు. నల్లబడ్డాడు గానీ మనిషి గట్టిగా ఉన్నాడు. ఈసారి ఆసుపత్రి ముఖం చూడలేదని చెప్పాడు. జేబులోంచి బ్రష్ తీసి కౌంటరు మీద పెట్టాడు. కుచ్చులన్నీ రాలిపోయి పిడి మాత్రమే మిగిలింది.

"ఒక్కపాలి మర్సిపోయి నోటి దాంక తెచ్చిన అన్నా," అన్నాడు. "నీ ఏలు యాదికొచ్చింది. నవ్వొచ్చి ఆగిన."

వేలు నాలుకకు పోకుండా, నా చేతి దగ్గర అప్పటికే ఒక గిన్నెలో తడి స్పాంజి ఉండేది. ఆయన దాన్ని చూశాడు, వేలితో ఒకసారి నొక్కి చూశాడు, మంచిగుందన్నాడు. టీ తెప్పించాను. ఇద్దరం కౌంటరుకు చెరో వైపు నిలబడి తాగాం.