యాదమ్మ బొటనవేలికి రెండు రిపోర్టులు

కరోనా వచ్చిపోయిన తర్వాత రెండో చలికాలం. అప్పుడు నేను లాడ్ బజార్ దగ్గర ఒక చిన్న స్కానింగ్ సెంటర్లో రేడియాలజిస్టుని. బయట బెంచీల నిండా జనం, లోపల నేనొక్కదాన్ని. నాకసలే ఓపిక తక్కువ.

ఉప్పుగూడ నుంచి యాదమ్మ అనే ఆవిడ వచ్చింది. వాళ్లది పాల వ్యాపారం, ఇంట్లో ఆరు బర్రెలు. కుడి బొటనవేలి గోరు కింద రెండేళ్లుగా నొప్పి. వాపు లేదు, ఎక్స్‌రేలో ఏమీ లేదు. స్కాన్ కూడా బాగుంటే మానసిక వైద్యుడికి చూపించమని డాక్టరు చీటీలో రాశాడు.

"చల్లనీళ్లల్ల క్యాన్లు కడిగితె పానం పోతది మేడం. చాయ్ గిలాస పట్టుకుంటె జర నిమ్మళం" అంది యాదమ్మ.

"బర్లు పిండమంటెనే నొప్పి లేస్తది. బువ్వ తినెటప్పుడు ఉండది" అంది వెంట వచ్చిన అత్త.

నేను రెండూ సగం చెవితోనే విన్నాను. ఏసీకి చల్లబడ్డ జెల్ గోరు మీద వేయగానే యాదమ్మ చేయి గుంజుకుంది. "కదలకమ్మా" అని కసురుకున్నాను. వేలు జారిపోకుండా ప్రోబ్‌ని, అంటే ఒంటికి ఆనించి చూసే పరికరాన్ని, గట్టిగా అదిమి పట్టాను. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే డాప్లర్‌లో ఏమీ కనిపించలేదు. 'నార్మల్' అని రాసి పంపేశాను. అత్త నవ్వుకుంటూ వెళ్లింది.

మధ్యాహ్నం టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాక గాని యాదమ్మ చెప్పిన మాట బుర్రకెక్కలేదు. చల్లదనానికి రేగే నొప్పి, ఒకే చుక్క దగ్గర నొప్పి. గ్లోమస్ ట్యూమర్‌కి ఇవే గుర్తులు. గోరు కింద పెరిగే చిన్న గడ్డ అది. సాధారణంగా ప్రాణం తీయదు, తోడేస్తుంది. దాన్లో రక్తం బాగా పారుతుంది కానీ, ప్రోబ్‌తో అదిమితే ఆ ప్రవాహం ఆగిపోయి డాప్లర్‌కి దొరకదు. చదువుకునే రోజుల్లోనే నేర్చిన పాఠం. ఛీ, నా తొందర పాడుగాను.

తర్వాత చేసిన నాలుగు స్కాన్లలోనూ మనసు నిలవలేదు. చివరికి ఫారం వెతికి ఫోన్ చేస్తే ఆమె భర్త ఎత్తాడు.

"నార్మలే అని రాసిన్రు గద మేడం. రేపు పిచ్చి డాక్టర్ దగ్గరికి తోల్కపోతున్నం."

"ముందు నా దగ్గరికి తీసుకురండి. తప్పు నాది" అన్నాను. "చూస్తం" అని ఫోన్ పెట్టేశాడు. వస్తారో రారో తెలియక తెల్లారేదాకా నాకు కుదురు లేదు.

వచ్చారు. ఈసారి జెల్ సీసాను ముందే వేడినీళ్లలో పెట్టాను. నొప్పి ఎక్కడో నువ్వే చూపించమంటే యాదమ్మ గోరులో ఒక మూలను చూపించింది. జెల్ దట్టంగా పోసి, ప్రోబ్‌ని ఆనీ ఆనకుండా పట్టుకున్నాను. తెర మీద కందిగింజలో సగమంత నల్లటి గడ్డ కనిపించింది. డాప్లర్ పెట్టగానే దాని నిండా ఎర్రటి రంగు పాకింది.

"ఉన్నదా మేడం?"

"ఉందమ్మా. చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారు."

యాదమ్మ ఏడ్చేసింది. గడ్డ ఉందంటే అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు.

సిగ్గేసి పాత రిపోర్టు చింపబోయాను. ఆమె ఆపింది.

"చింపకుండ్రి మేడం. అత్తమ్మకు రెండు చూపిస్త. గింత చదువుకున్న మీకే ఒక్కపారికి దొరకలే. ఆమె నమ్మకుంటె ఆమె తప్పేముంది?"

ఆపరేషన్ అయింది. అది గ్లోమస్ ట్యూమరేనని ల్యాబ్ కూడా తేల్చింది. యాదమ్మ మళ్లీ పాలు పిండుతోంది. నేను మాత్రం అప్పటి నుంచి నొప్పితో వచ్చిన మనిషి రిపోర్టులో 'నార్మల్' అని రాయడం మానేశాను. 'ఈ స్కాన్‌లో నాకు కనిపించలేదు' అని రాస్తున్నాను.