ఆవిడ వదిలేసిన వాక్యం

మేముండే హిందీ ఊళ్లో, బాగ్‌బేరా నుంచి బిష్టుపూర్ వెళ్లే షేర్ ఆటోలో ఒకసారి నా పక్కన నలభై దాటిన తెలుగావిడ కూర్చుంది. రోడ్డు వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది. జపమనుకున్నాను. చెవి ఒగ్గితే ఇంగ్లీషు.

"ఐ యామ్ రెడీ టు లెర్న్. ఐ యామ్ హ్యాపీ టు హెల్ప్."

నేను వింటున్నానని గమనించి నవ్వింది. "ఆస్పత్రిలో ఎంక్వైరీ కౌంటర్ కాడ పనుందంట. ఇంటర్వ్యూకెల్తన్నాను. మా పాప నేర్పింది. దాన్ని తెలుగులో అడిగితే హిందీలో జవాబిత్తాది. ఇంగ్లీషైతే ఇద్దరికీ పరాయిదే, తగువు లేదు."

"ఈ రెండేనా నేర్పింది?"

"ఇంకోటుంది. లోపలికెల్లగానే 'ఐ యామ్ సారీ టు ట్రబుల్ యూ' అనమంది. అది మాత్రం అనను."

"మర్యాదకి అంటారండీ. మా ఆఫీసులో ఆ ముక్క లేకుండా మంచినీళ్లు కూడా అడగం."

"మరియాదకి నమస్తే సెప్తాను. ఆల్లే రమ్మన్నారు. నాను పని సేత్తానంటన్నాను. ఇందులో ఆల్లకి ట్రబులేటండి?"

బిష్టుపూర్‌లో ఆవిడ కుచ్చిళ్లు సర్దుకుని దిగింది. "ఐ యామ్ రెడీ టు లెర్న్" అని ఈసారి డ్రైవరుకి కూడా వినపడేలా అనుకుంటూ వెళ్లిపోయింది.

ఆ ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ సాయంత్రం మా సారుకి మెసేజ్ పెడుతుంటే, అలవాటుగా వేళ్లు ముందు "సారీ టు ట్రబుల్ యూ సర్" అని కొట్టేశాయి. చెరిపేశాను. "నమస్తే సర్, రేపు నాకు సెలవు కావాలి" అని మాత్రం పంపాను.